సాక్సు మార్చేముందు అడాల్ఫ్ కథ ఇనండి

కనుమ రోజు జగ్గన్నతోటలో నిలబడ్డోళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదండి. 11 ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు చేలకి అడ్డంపడి ఒస్తాయి. పైరు నలిగినా రైతు ఏమనడు. కొన్ని ప్రభలు కౌశిక నీళ్ళలోకి దిగి అవతలి గట్టెక్కుతాయి. ప్రభని మోసేది భుజాలే గానీ, ఆ భుజాలకి ఊపిచ్చేది మేళం. డప్పు, డోలు, సన్నాయి, ఆటెనకాల బ్యాండు. ఆ బ్యాండులో మెడకి పట్టీ తగిలించుకుని, వంకర మెడ ఇత్తడి గొట్టం ఊదే కుర్రోడు ఒకడుంటాడు. అదే సాక్సు.

అలాంటి కుర్రోడొకడు ఈమధ్య నాకు ఫోన్ చేసాడు. ఊరేగింపుల్లో సినిమా పాటల కన్నా పల్లె పాటలు వాయిస్తేనే జనం ఎక్కువ చిందేస్తున్నారంట. కోలాటం పాటలు, పడవ పాటలు, నాట్లేసేటప్పుడు అమ్మలు పాడుకునే పాటలు. తన పాత సాక్సులో ఆ పాటలు సరిగా పలకట్లేదంట. బంగారంలా మెరిసే కొత్తది ఒకటి చూసాడు. ఓ నలభై వేలు అవుద్ది, అయిదు రూపాయల వడ్డీకి అప్పు దొరుకుద్ది, తీసేసుకోమంటారా అని అడిగాడు.

నాకు సాక్సు వాయించడం రాదండి. బడిలో చదివింది తక్కువ, బయట దొరికిన కాయితం ముక్కల్లో చదివిందే ఎక్కువ. అలా చదివిన వాటిల్లో సాక్సు కనిపెట్టినాయన బతుకు కూడా ఉంది. ఆ కుర్రోడికి జవాబుగా ఆ కథే చెప్పాను. మీక్కూడా చెప్తాను. చేతిలో సాక్సు ఉన్నా లేకపోయినా, ఏదో ఒక పనిముట్టు మార్చుకోవాలనుకుంటున్న ప్రతి కుర్రోడికీ పనికొచ్చే కథ ఇది.

ఆయన పేరు అడాల్ఫ్ సాక్స్. ఇప్పటి బెల్జియంలో డినాంట్ అనే చిన్న ఊళ్ళో 1814 నవంబర్ 6న పుట్టాడు. మనకి గోదారి ఎలాగో ఆ ఊరికి మ్యూజ్ నది అలాగ. రాగి, ఇత్తడి పనికి వందల ఏళ్ళ నాటి నుంచీ పేరున్న ఊరు. నాన్న ముందు కొయ్య పని చేసేవాడు, తరవాత వాయిద్యాలు తయారుచేసే పనిలోకి దిగాడు. పదకొండు మంది పిల్లల్లో అడాల్ఫే పెద్దోడు. కొడుకు ఏడాదివాడు కాకుండానే కుటుంబం బ్రస్సెల్స్‌కి మకాం మార్చింది.

ఆ పిల్లోడి చిన్నప్పటి గండాల గురించి అక్కడ కథలు కథలుగా చెప్పుకుంటారు. మేడ మీంచి పడి తల రాయికి కొట్టుకుందంట. పాలనుకుని ఘాటు మందు నీళ్ళు తాగేసాడంట. గుండుసూది మింగాడు, పొయ్యి మీద పడి కాల్చుకున్నాడు, ఏట్లో పడి కొట్టుకుపోతుంటే ఎవరో లాగారు. వీడు బతకడని ఇరుగుపొరుగు తేల్చేసి, దెయ్యం పిల్లోడని పేరెట్టారంట. ఇందులో ఎంత నిజమో, ఎంత కలిపి చెప్పుకున్నదో గానీ, ఆ పిల్లోడు మాత్రం 79 ఏళ్ళు బతికాడు.

ఆడుకునే వయసులోనే నాన్న కొట్లో పనిముట్లు పట్టాడు. ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. అడాల్ఫ్ వాయిద్యం చెయ్యడంతో ఆగలేదు, వాయించడం కూడా నేర్చాడు. బ్రస్సెల్స్ సంగీత కళాశాలలో ఫ్లూటు, క్లారినెట్ నేర్చుకున్నాడు. చేసేవోడికి చేతిపని తెలుసు, వాయించేవోడికి చెవి తెలుసు. ఈయనకి రెండూ తెలుసు. అందుకే ఏ వాయిద్యం ఎక్కడ తడబడతందో ముందు తన పెదాలకి తెలిసేది, తరవాత తన చేతులు బాగుచేసేవి. 1838లో బేస్ క్లారినెట్‌ని సరిచేసి హక్కుపత్రం తీసుకునే నాటికి ఆయనకి ఇంకా పాతికేళ్ళు లేవు.

అప్పట్లో ఆరుబయట వాయించే మేళాలకి ఒక ఇబ్బంది ఉండేది. ఇత్తడి బాకాలు గట్టిగా మోగుతాయి గానీ గొంతులా మెలికలు తిరగవు. క్లారినెట్ లాంటి కొయ్య వాయిద్యాలు చక్కగా తిరుగుతాయి గానీ ఆరుబయట ఆటి సవ్వడి చాలదు. తీగె వాయిద్యాల సంగతి సరేసరి, గాలేస్తే ఇనపడవు. పైగా క్లారినెట్‌తో ఇంకో పేచీ. కింది స్థాయిలో ఒక వేలు పద్ధతి, పై స్థాయికి ఎళ్తే ఇంకో పద్ధతి.

అడాల్ఫ్ ఈ ఖాళీని చూసాడు. క్లారినెట్ లాగా ఒంటి రీడు ఉన్న మూతి పెట్టాడు. దాని కింద ఒళ్ళు మాత్రం ఇత్తడితో చేసి, పైన సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ ఎడల్పయ్యే గరాటు ఆకారం ఇచ్చాడు. ఆ గరాటు ఆకారం వల్లే కింది స్థాయిలో ఏ వేళ్ళు నొక్కితే ఏ స్వరం ఒస్తదో, బొటనవేలితో ఒక్క మీట నొక్కగానే పై స్థాయిలో అవే వేళ్ళకి అదే స్వరం ఒస్తది. కొయ్య వాయిద్యానికున్న ఒడుపు, ఇత్తడికున్న ఒడి కలిసి ఒక్కదాంట్లోకి ఒచ్చాయి. అదే సాక్సాఫోన్.

1841లో బ్రస్సెల్స్‌లో పెద్ద వస్తు ప్రదర్శన జరిగింది. అడాల్ఫ్ తన పనంతా పట్టుకెళ్ళాడు. బంగారు పతకానికి అర్హత ఉందన్నారు గానీ, వయసు చాలదని ఆపేసి, తక్కువ రకం పతకం ఇవ్వబోయారు. ఆయన పుచ్చుకోలేదు. ఆ మరుసటేడు, 1842లో, చేతిలో పెద్దగా డబ్బుల్లేకుండానే పారిస్ బండెక్కాడు.

పారిస్‌లో బెర్లియోజ్ అనే పెద్ద సంగీతకారుడు సాక్సు నాదం ఇని, 1842 జూన్‌లో పత్రికలో మెచ్చుకుంటూ రాసాడు. ఒక్క వ్యాసంతో ఊరంతా తెలిసిపోయింది. దాంతోపాటే శత్రువులూ తయారయ్యారు. పారిస్‌లో అప్పటికే పాతుకుపోయిన వాయిద్యాల కంపెనీలోళ్ళకి ఈ బయటూరి కుర్రోడు కంట్లో నలుసయ్యాడు. ఆయన దగ్గర పనిచేసేవోళ్ళని లాక్కున్నారు. ఆయన వాయిద్యాలు వాయించొద్దని కళాకారుల మీద ఒత్తిడి తెచ్చారు. తరవాత అందరూ ఒక జట్టుకట్టి కోర్టుకెక్కారు.

1845 ఏప్రిల్ 22న పారిస్‌లో షాం ద మార్స్ మైదానంలో ఒక పోటీ జరిగింది. ఇప్పుడు ఐఫిల్ టవర్ ఉన్నది ఆ మైదానం పక్కనే. సైన్యం బ్యాండు ఎలా ఉండాలో తేల్చే పోటీ అది. ఒక పక్క పాత పద్ధతి బ్యాండు, ఇంకో పక్క అడాల్ఫ్ కూర్చిన బ్యాండు. మన తీర్థాల్లో రెండు మేళాలు ఎదురెదురు పడితే ఎలా ఉంటదో ఊహించుకోండి. వేల మంది జనం చేరారు. అడాల్ఫ్ వైపు మనుషులు తక్కువ. అయినా తను చేసిన సాక్స్‌హార్న్ అనే ఇత్తడి బాకాల జోరుకి జనం ఈయన పక్కకే ఒరిగారు. ఆ ఏడాదే ఆయన వాయిద్యాల్ని సైన్యంలోకి తీసుకోమని సర్కారు ఉత్తర్వు ఒచ్చింది.

సాక్సాఫోన్ హక్కుపత్రం గురించి ఓ కథ చెప్పుకుంటారు. ఇలాంటి వాయిద్యం ముందే ఉందని, ఇందులో కొత్తేం లేదని పోటీదారులు గొడవ చేసారంట. అయితే ఒక ఏడాది గడువిస్తాను, మీరే ఒకటి చేసి చూపించండని అడాల్ఫ్ సవాలు చేసాడంట. ఏడాది గడిచినా ఎవరి వల్లా కాలేదు. చివరికి 1846లో 15 ఏళ్ళ హక్కుపత్రం దక్కింది. ఆ పత్రంలో ఉన్నది ఒక్క సాక్సు కాదు, చిన్నా పెద్దా కలిపి ఒక కుటుంబమే.

ఇక్కడిదాకా ఇంటే గెలిచిన కథలా ఉంది కదండీ. ఆగండి.

1848లో ఫ్రాన్సులో తిరుగుబాటు ఒచ్చి రాజు దిగిపోయాడు. రాజుతోపాటు ఆ రాజు ఉత్తర్వూ పోయింది. సైన్యం సరుకు మీద ఆశపెట్టుకుని నడిపిన కార్ఖానాకి గిరాకీ పడిపోయింది. అప్పులోళ్ళు గుమ్మంలో కూచున్నారు. 1852లో మొదటిసారి దివాలా తీసాడు. ఆ మరుసటేడు పెదవి మీద క్యాన్సర్ పుండు లేచింది. వాయిద్యం వాయించే మనిషికి పెదవే పోతే ఏం మిగులుద్ది? అయిదేళ్ళు ఆ పుండుతో బతికి, 1858 నాటికి బయటపడ్డాడు. మధ్యలో కొత్త చక్రవర్తి దయతో సైన్యం పని మళ్ళీ దక్కింది. 1857లో సంగీత కళాశాలలో సైనికులకి సాక్సు నేర్పే తరగతి కూడా మొదలెట్టాడు.

ఆ తరగతి 1870 యుద్ధంతో మూతపడింది. మళ్ళీ ఆ కళాశాలలో సాక్సు తరగతి తెరుచుకున్నది ఎప్పుడో తెలుసా? 1942లో. 72 ఏళ్ళు! పెద్ద పెద్ద సంగీత సభలు కూడా ఆయన వాయిద్యానికి పీట వెయ్యలేదు. అప్పుడో పాటకి, ఇప్పుడో పాటకి పిలిచి, పనయ్యాక పంపేసేవోళ్ళు. మన పెళ్ళిళ్ళలో మేళం లేకపోతే ముహూర్తం కదలదు, మేళగాళ్ళకి మాత్రం ఆఖరి బంతి. రెండిటికీ పెద్ద తేడా నాకేం కనపడలేదండి.

కోర్టు కేసులు మాత్రం ఆగలేదు. గెలిచినా లాయర్లకీ, ఓడినా లాయర్లకీ. 1866 నాటికి హక్కుపత్రం గడువు తీరిపోయింది, ఇక ఎవడైనా సాక్సు చేసి అమ్ముకోవచ్చు. 1873లో ఇంకోసారి, 1877లో మరోసారి దివాలా. జీవితమంతా పోగేసుకున్న వాయిద్యాల్ని వేలంలో అమ్మేసారు. 1894 ఫిబ్రవరిలో పారిస్‌లో బీదరికంలోనే కన్నుమూసాడు. మాంమార్త్ర్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది.

ఆయన పోయాక ఆయన వాయిద్యం బతికింది. ఎక్కడ బతికిందో చూడండి. సముద్రం దాటి అమెరికా ఎళ్ళి, వీధి బ్యాండుల్లోనూ, నాటక కంపెనీల్లోనూ, నల్లజాతి కళాకారుల చేతుల్లోనూ బతికింది. బానిసలుగా అమ్ముడుపోయిన తాతల మనవలు ఆ గొట్టంలోకి తమ పల్లె పాటల్ని, చేలో పాడుకున్న పాటల్ని ఊదారు. దానికే లోకం జాజ్ అని పేరెట్టి నెత్తిన పెట్టుకుంది.

ఆళ్ళలో చార్లీ పార్కర్ అని ఒకాయన. జాజ్ సాక్సులో ఆయన్ని మించినోడు లేడంటారు. 1953 మే 15న కెనడాలోని టొరంటోలో మాసీ హాల్ కచేరీలో ఆయన చేతిలో ఉన్నది ఏ సాక్సో తెలుసా? ప్లాస్టిక్‌ది. గ్రాఫ్టన్ అనే కంపెనీ చేసిన తెల్ల ప్లాస్టిక్ సాక్సు. ఆ కచేరీ రికార్డుని ఇప్పటికీ గొప్పవాటిల్లో ఒకటిగా ఇంటారు. ఆ తరవాత ఆర్నెట్ కోల్మన్ అనే ఆయన కూడా ఇత్తడిది కొనే డబ్బుల్లేక ప్లాస్టిక్‌దే కొన్నాడు, దాంతోనే కొత్త దారి తొక్కాడు.

మనకి దగ్గరగా ఒద్దాం. తెల్లోళ్ళ పటాలం బ్యాండులతో, సంస్థానాల బ్యాండులతో సాక్సు మన దేశమొచ్చింది. మంగళూరు వైపు నాదస్వరం వాయించే తనియప్ప గారి అబ్బాయి కద్రి గోపాల్‌నాథ్ మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సు ఇని, ఇదే నా వాయిద్యం అనుకున్నాడు. విదేశీ గొట్టంలో గమకాలు పలకవని అన్నోళ్ళున్నారు. ఆయన ఏళ్ళ తరబడి సాధన చేసి, గమకం పలకడానికి వీలుగా వాయిద్యంలో కూడా చిన్న చిన్న మార్పులు చేసుకుని, కర్ణాటక కచేరీలో సాక్సుని కూచోబెట్టాడు. 1994లో లండన్‌లో బీబీసీ ప్రామ్స్‌లో వాయించాడు. ఆ ఏడాదే ఒచ్చిన డ్యూయెట్ సినిమాలో రెహమాన్ పాటలకి సాక్సు ఊదింది కూడా ఈయనే.

ఇప్పుడు మన కుర్రోడి ప్రశ్న దగ్గరికొద్దాం.

అడాల్ఫ్ వాయిద్యం మార్చింది మెరుపు కోసం కాదు. పాత వాయిద్యంలో లేనిదేంటో ముందు ఇన్నాడు, తరవాతే ఇత్తడి వంచాడు. నువ్వూ ముందు ఇనాలి తమ్ముడూ. పాట పలకట్లేదంటే, పలకనిది సాక్సా, మూతా, రీడా, సాధనా? నాలుగూ వేరువేరు జబ్బులు. ఒక్కోదానికీ మందు వేరు, ఖర్చు వేరు.

మొదట రీడు మార్చి చూడు. పల్లె పాటకి స్వరాల మెట్లు ఎక్కువుండవు. చాలా పాటలు ఒక్క స్థాయిలోనే తిరుగుతాయి. కష్టమంతా స్వరాన్ని వంచడంలో, జార్చడంలో ఉంది. గట్టి రీడు వేసుకుని పెదవితో వంచాలంటే వంగదు. కొంచెం మెత్తని రీడు వేస్తే అదే సాక్సు వేరేగా పలుకుద్ది. తరవాత మౌత్‌పీసు. పాత సాక్సుకి మంచి మౌత్‌పీసు పెడితే ఒచ్చే తేడా, నాసిరకం కొత్త సాక్సు కొంటే రాదు.

ఆ తరవాత ప్యాడ్లు. మనది సముద్రం గాలి, కాలవల తేమ. వాయించాక లోపల తుడవకుండా పెట్టెలో పడేస్తే తోలు ప్యాడ్లు ఉబ్బుతాయి, బిగుస్తాయి, గాలి కారుద్ది. అన్నిటికన్నా కింది స్వరాన్ని మెల్లగా ఊది చూడు. గట్టిగా ఊదితే గానీ పలకట్లేదంటే ఎక్కడో గాలి పోతన్నట్టే. చీకటి గదిలో లోపలికి సన్నని లైటు దింపి ఒక్కో మీటా నొక్కితే, ఏ ప్యాడు పక్కనుంచి ఎలుగు బయటికొస్తదో అదే దొంగ. ఆ ఒక్క ప్యాడు మార్పించు. అడాల్ఫ్ పెట్టిన గరాటు ఆకారం అంతా గాలి కారకపోతేనే పనిచేస్తది.

ఇవన్నీ చేసినా చాలకపోతే, అప్పుడు కొను. కొనేటప్పుడు రంగు చూడకు. ఆల్టోనా, టెనరా అని ముందు తేల్చుకో. నువ్వు స అనుకుని ఒకే వేళ్ళు నొక్కినా ఆల్టోలో ఒక శ్రుతి, టెనర్‌లో ఇంకో శ్రుతి పలుకుద్ది. మీ మేళంలో పాడే మనిషి గొంతుకీ, పక్కనున్న క్లారినెట్‌కీ ఏది కుదురుద్దో అది తీసుకో. ఒకదాన్నించి ఇంకోదానికి మారితే వేళ్ళు మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోనక్కర్లేదు. ఆ సుఖం అడాల్ఫ్ పెట్టిపోయిన ఆస్తి. మీరట్ జలీకోఠీ సరుకైనా, పైదేశం పాత సరుకైనా, వాయించడం తెలిసిన పెద్దాయన్ని ఎంటబెట్టుకుని ఎళ్ళు. కింద స్వరం, పైన అదే స్వరం ఊది, ఫోన్లో శ్రుతి చూసే యాప్ పెట్టి సరిపోల్చు. మెడ వంగిందేమో, సొట్టలున్నాయేమో చూడు. పూత పోయినా పర్లేదు, మెడ పోతే మాత్రం వద్దు.

ఇక అప్పు సంగతి. 40,000కి అయిదు రూపాయల వడ్డీ అంటే నెలకి 2,000. 20 నెలల్లో వడ్డీయే అసలంత అయి కూచుంటది, అసలు అలాగే ఉంటది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, మూఢంలో ఉండవు. నీ మేళానికి సెలవుంటది గానీ వడ్డీకి సెలవుండదు. లోకానికి సాక్సు ఇచ్చిన మనిషినే అప్పులు మూడుసార్లు నేలకేసి కొట్టాయి. కాబట్టి ఒక్కడివే ఆ బరువెత్తుకోకు. బ్యాండోళ్ళంతా ప్రతి పెళ్ళి డబ్బుల్లోంచి కొంత పక్కన పడేసి, మేళం పేరు మీద ఒక మంచి సాక్సు కొనుక్కోండి. తీర్థం కమిటీలోళ్ళని, పెళ్ళోళ్ళని బయానా ముందే గట్టిగా అడగండి. పని చేసి కూలి అడగటానికి సిగ్గెందుకండి?

ఆ కుర్రోడు ఇదంతా ఇని కాసేపు మాట్లాడలేదు. నాలుగు రోజులాగి మళ్ళీ ఫోన్ చేసాడు. కింది ప్యాడ్లు రెండు కారతన్నాయంట, మార్పించాడు. మెత్తని రీడు వేసాడు. అప్పు తీసుకోలేదు. ఫోను పక్కనెట్టి, ఆళ్ళ అమ్మ నాట్లలో పాడే పాటొకటి వాయించి ఇనిపించాడు. మధ్యలో ఒకచోట స్వరం జారాల్సింది, బెసికింది. అయినా అది ఆళ్ళమ్మ గొంతులానే ఉందండి. ఆ బెసికిన చోటు సాధనతో బాగుపడుద్ది. వచ్చే కనుమకి జగ్గన్నతోటలో ఇంటాను, మీరూ రండి.